తువ్వాలు నిరోధక వ్యూహం

రేవులపాడు బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషిని నేను. నా పేరు దువ్వూరి సోమలింగమని మా ఆవిడకీ, జీతం బిల్లు రాసే గుమాస్తాకీ తప్ప ఎవరికీ తెలియదు. ఊరందరికీ నేను మైకు గారినే. "యజమాని లేని సంచి గాని, డబ్బా గాని కనిపిస్తే ముట్టుకోకండి, వెంటనే మాకు చెప్పండి" అని ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటున్నది నేనే. మంచి మాట. అందులో వంక పెట్టడానికేమీ లేదు. జనం కూడా బుద్ధిగా వచ్చి చెప్పేవారు. వెళ్ళి చూస్తే పెళ్ళివారు మరిచిపోయిన అరిటాకుల కట్టో, ఎవరిదో పనసకాయో ఉండేది. మైకులో పిలిచి ఇచ్చేసేవాళ్ళం. దేశం క్షేమంగానే ఉండేది.

అలాంటి సుఖమైన రోజుల్లో మా ఊరికి వ్యూహం వచ్చింది.

దాని పూర్తి పేరు ఉగ్రవాద నిరోధక జాతీయ సమగ్ర బహుముఖ వ్యూహం. దాన్ని చంకన పెట్టుకుని ప్రత్యేకాధికారి ఆకొండి విశ్వపతి గారు దిగారు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేయాలి. లంచం ముట్టడు, ఎవర్నీ ఏకవచనంతో పిలవడు. ఒక్కటే లోపం. పుట్టింది అధికారుల బంగళాలో, బడికి వెళ్ళింది జీపులో, ఉద్యోగంలో చేరింది కారులో. బస్సును బయటి నుంచి చూడడమే గాని లోపల అడుగుపెట్టిన పాపాన పోలేదు. ఏరి కోరి అలాంటాయనకి బస్టాండు అప్పగించారు.

వచ్చిన రోజే మా డిపో మేనేజరు చక్రధరం గారి గదిలో అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. "మీ పట్టణపు స్థానిక ముప్పు ఏమిటి?"

చక్రధరం గారు భయస్తుడు. "మాకలాంటివేవీ లేవండి. ప్రశాంతంగా ఉంటాం" అన్నాడు.

"ముప్పు లేదనడం ముప్పును గుర్తించే సామర్థ్యం లేదనడానికి పర్యాయపదం" అన్నాడు విశ్వపతి. "వ్యూహం ప్రకారం ప్రతి పట్టణమూ నెల తిరిగేలోగా కనీసం ఒక స్థానిక ముప్పును గుర్తించి, నిర్మూలించి, నివేదించాలి. పొరుగు పట్టణం వారు ఇప్పటికే రెండు గుర్తించారు."

చక్రధరం గారు నా వంక చూశాడు, ఏదైనా ముప్పుంటే ఇప్పించవయ్యా అన్నట్టు. నా దగ్గరెక్కడుంది!

అప్పుడే ఏడు గంటల కాకినాడ బస్సు వచ్చింది. పొద్దున్న పూట కాకినాడ వెళ్ళడానికి మా ఊరికి ఆ ఒక్క బస్సే దిక్కు. అది ఇంకా ఆగకముందే జనం దాని వెంట పరిగెత్తారు. కిటికీల్లోంచి తువ్వాళ్ళు, కర్చీఫ్‌లు, కండువాలు సీట్ల మీద టపటపా పడ్డాయి. ఇక చూసుకోండి, తువ్వాలు పడిన సీటు వేసినవాడిది. తర్వాత వాడు తీరిగ్గా తలుపు దగ్గరకొచ్చి, తోపులాటలో చివరగా ఎక్కినా సరే, ఆ సీటు వాడి కోసం ఖాళీగా ఉంటుంది. గట్టు తగాదాలకి అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊరే మాది. కర్చీఫ్ హక్కు జోలికి మాత్రం ఎవరూ పోరు.

విశ్వపతి కిటికీ దగ్గర నిలబడి నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"ఏమిటవి?"

"తువ్వాళ్ళండి" అన్నాను.

"యజమానులు?"

"కిందున్నారండి. ఎక్కుతారు."

"అంటే ఈ క్షణాన వస్తువు దగ్గర యజమాని లేడు. సరే. ఆ నిలబడినాయన ఖాళీ సీటులో ఎందుకు కూర్చోవడం లేదు?"

"తువ్వాలుందండి."

"అది ఎవరిదో ఆయనకు తెలుసా?"

"తెలీదండి."

"తెలియకపోయినా కూర్చోడా? కూర్చుంటే ఏమవుతుంది?"

"పెద్ద గొడవైపోద్దండి."

ఆయన మొహం వెలిగిపోయింది. "కనిపించని వ్యక్తి. ఒక వస్తువు. దాన్ని చూసి సామాన్య పౌరుడు భయపడి తన హక్కును వదులుకుంటున్నాడు. చక్రధరం గారూ, ఉగ్రవాదానికి ఇంతకన్నా సమగ్రమైన నిర్వచనం ఎక్కడైనా ఉందా?"

చక్రధరం గారు లేదన్నాడు. ఉందంటే ఎక్కడుందో చూపించమంటాడని ఆయన భయం.

మరి కాసేపట్లో బస్సు ఖాళీ చేయించారు. జిల్లా నుంచి బాంబు దళం వచ్చింది, ఎస్సై జోగినాయుడు నాయకత్వంలో. వెంట కుక్క కూడా వచ్చింది. కుక్క బస్సెక్కి అన్ని సీట్లూ వాసన చూసి, ఎర్ర గళ్ళ తువ్వాలున్న మూడో వరస కిటికీ సీటులో ఎక్కి హాయిగా కూర్చుంది. ఇంకొకరి తువ్వాలు వేసిన సీటులో కూర్చున్న ప్రాణిని మా ఊరు చూడడం అదే మొదటిసారి. ఎండుచేపల వాసనకి కూర్చుందని నేను చెప్పబోయాను గాని, కుక్క కూర్చుందంటే పేలుడు పదార్థం ఉన్నట్టేనని జోగినాయుడు అన్నాడు. తువ్వాలును పొడుగాటి కర్రతో తీసి, గ్యారేజీ వెనక ఇసుక మూటల మధ్య పెట్టి, ఢామ్మని పేల్చేశారు.

ఆ తువ్వాలు గుబ్బల నూకరాజుది.

నూకరాజు చేపల రేవులో తట్టలు మోస్తాడు. వాళ్ళావిడ అచ్చియ్యమ్మకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం కాకినాడ ఆసుపత్రిలో పది గంటల షిఫ్టులో ఆవిడకి డయాలసిస్. ఆ షిఫ్టు తప్పితే మిషను ఇంకొకరిది, మళ్ళీ వంతు వచ్చేదాకా ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. కారు మాట్లాడుకునే తాహతు లేదు. కాళ్ళు వాచిపోయి ఆవిడ నిలబడలేదు, మోకాళ్ళు వంగక కింద కూర్చోనూ లేదు. రెండు గంటల దారి. అందుకని ఆయన బస్సు వెంట పరిగెత్తి తువ్వాలు వేసేవాడు, ఆవిడ చివర్న మెల్లగా ఎక్కి కూర్చునేది. ఆ సీటే ఆవిడ ప్రాణం అనుకోండి.

పేలుడు శబ్దం విని నూకరాజు నా గది కిటికీ దగ్గరకొచ్చాడు. "మైకు గారండీ, తువ్వాల్ని పేల్చేశారేటండీ! అదేం చేసిందండీ?" అన్నాడు. ఆ రోజు బస్సు ఆలస్యంగా కదిలినా అదృష్టం బాగుండి షిఫ్టు అందింది.

మర్నాడు సమీక్ష పెట్టారు. విశ్వపతి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. "పేల్చిన వస్త్రం తాలూకు వ్యక్తిపై సమాచారం సేకరించాం. వారానికి రెండుసార్లు. అవే రోజులు. అదే బస్సు. అదే మూడో వరస కిటికీ. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను."

"యాదృచ్ఛికం కాదండి, డయాలసిస్ అండి" అన్నాను.

"అది కారణం. నేను మాట్లాడుతున్నది సరళి గురించి" అన్నాడాయన.

చివరికి మొదటి నిబంధన తయారైంది. బస్సులో గాని, బస్టాండులో గాని వస్త్రం ఉంటే యజమాని చెయ్యి దాని మీద ఉండాలి, యజమాని కానివారు తాకరాదు. చెయ్యి దాని మీద ఉండాలంటే మనిషి సీటులో ఉండాలి. మనిషి సీటులో ఉంటే తువ్వాలు దేనికని ఎవరూ అడగలేదు. నేను మైకులో చదివాను, జనం చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని మా వాళ్ళకి తెలివి తక్కువా? నిబంధనలో వస్త్రం అనే ఉంది కాబట్టి మర్నాటి నుంచి గొడుగులు వేశారు. గొడుగులు నిషేధిస్తే చెప్పులు వేశారు. చెప్పులు నిషేధిస్తే ములక్కాడల కట్టలు, ఆనపకాయలు, ఒకాయన తన పెట్టుడు పళ్ళు. ఆ పళ్ళను జోగినాయుడు దళం ఇసుక మూటల దాకా మోసుకెళ్ళిన తీరు చూసి తీరాల్సిందే. ఆయన వెనక పడి లబోదిబోమంటే చివరి క్షణంలో ఇచ్చారు, అదీ ఆయన నోట్లో సరిగ్గా పట్టాయని రుజువయ్యాక.

ఆ తర్వాత పిల్లను వేశారు. మీరు నవ్వకండి, ఇది మా దగ్గర మామూలే. ఒక తల్లి ఏడాదిన్నర పిల్లని కిటికీలోంచి లోపలికి అందించి, సీటులో కూర్చోబెట్టి, తలుపు వైపు పరిగెత్తింది. ఆవిడ తోపులాటలో చిక్కుకుపోయింది. విశ్వపతి గారి ముందు గడ్డు సమస్య వచ్చి పడింది. యజమాని దగ్గర లేని పిల్ల యజమాని లేని వస్తువేనా? ఆయన రాజధానికి ఫోను చేశాడు. రాజధాని ఢిల్లీని అడిగింది. స్పష్టత వచ్చేలోగా జాగ్రత్త తప్పనిసరి గనక, పిల్ల చుట్టూ ఇసుక మూటలు పేర్చారు. కుక్కను తెచ్చారు. పిల్ల దాని చెవులు పట్టుకుని కిలకిలా నవ్వింది. తల్లి మాత్రం "నా పిల్లండీ బాబూ, నా కడుపున పుట్టిందండీ!" అని గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మైకులో గట్టిగానే అన్నాను, "పిల్లను తల్లికివ్వండి, పాలు తాగే వేళయింది" అని. పిల్లను తల్లికిచ్చారు గాని, అలా అన్నందుకు చక్రధరం గారు నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. మైకు రవాణా ప్రకటనలకే గాని పాల ప్రకటనలకు కాదట.

ఇన్ని జరిగినా, ఆ రోజుల్లో అచ్చియ్యమ్మకి సీటు దొరుకుతూనే ఉండేది. తువ్వాలు లేకపోయినా ఆవిడ మొహం చూసి ఎవరో ఒకరు లేచేవారు. మా జనం గొడవపడతారు గాని మరీ అంత రాతిగుండెలు కావు.

పిల్ల సంగతితో విశ్వపతి ఆలోచనలో పడ్డాడు. ఒక రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. వచ్చి చెప్పాడు. "మనం లక్షణాలతో పోరాడుతున్నాం. తువ్వాలు, గొడుగు, ఆనపకాయ, శిశువు, ఇవన్నీ లక్షణాలు. వీటన్నిటినీ ఆకర్షిస్తున్న మూలకారణం ఒక్కటే. సీటు."

గోడ మీద బస్సు బొమ్మ వేసి, అందులో సీట్లన్నీ కొట్టేశాడు.

"సీటు ఉన్నంతకాలం దాన్ని ఆక్రమించాలనే తీవ్రమైన కోరిక ఉంటుంది. సీటు లేకపోతే వస్తువు లేదు. వస్తువు లేకపోతే ముప్పు లేదు. వచ్చే శుక్రవారం నుంచి కాకినాడ సర్వీసును సీటు రహిత సురక్షిత వాహనంగా ప్రారంభిస్తున్నాం. ముఖ్య అతిథిగా పెద్దవారు వస్తున్నారు."

ఈ కబురు విని నూకరాజు పరుగున వచ్చాడు. అచ్చియ్యమ్మని బస్టాండు బయట కూర్చోబెట్టి తనొక్కడే వచ్చాడు. నేనే మేనేజరు గదిలోకి తీసుకెళ్ళాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, మా యావిడ నిలబడలేదండీ. కింద కూకోనూ లేదండీ. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవోరండి. సీట్లే తీసేత్తే లేచి ఇవ్వడానికేటుంటదండీ? ఒక్క సీటు ఉంచండి బాబూ. తువ్వాలు ఎయ్యనండి. నేనే బస్సు దాకా మోసుకెళ్ళి కూకోబెడతానండి."

విశ్వపతి ఆయన్ని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మర్యాదకేం తక్కువ లేదు. "మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్క సీటు ఉంచితే బస్సులోని ముప్పు మొత్తం ఆ ఒక్క సీటులో కేంద్రీకృతమవుతుంది. దేశం కోసం రెండు గంటలు నిలబడలేరా?"

"దేశం కోసం నేను నిలబడతానండి. అదెలా నిలబడుద్దండీ?" అన్నాడు నూకరాజు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను మొహం తిప్పుకున్నాను.

శుక్రవారం వచ్చింది. బస్టాండు మధ్యలో షామియానా, వేదిక, వేదిక మీద కుర్చీలు. సీట్లన్నీ పీకేసిన బస్సుకు బంతిపూల దండలు కట్టి నిలబెట్టారు. లోపల చూస్తే గోడౌనులా ఉంది. ముఖ్య అతిథి వచ్చి జెండా ఊపితేనే బస్సు కదలాలి. ఏడయింది, రాలేదు. ఏడున్నర అయింది, దారిలో ఉన్నారన్నారు. అచ్చియ్యమ్మ నా గది అరుగు మీద, గోడకి ఆనుకుని ఉంది. మొహం ఉబ్బిపోయింది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. "పది దాటితే మిషను వేరేవోళ్ళకి ఇచ్చేత్తారండీ" అని నూకరాజు నా గడియారం వంకే చూస్తున్నాడు. దగ్గర్లో ఇంకే బండీ లేదు, ముఖ్య అతిథి కోసం రోడ్డు మూసేశారు.

నేను చక్రధరం గారి దగ్గరకి వెళ్ళాను. బస్సు పంపించేయండి, జెండా వచ్చే బస్సుకి ఊపించండి అన్నాను. "నీకేమైనా మతి పోయిందా సోమలింగం? నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. విశ్వపతి దగ్గరకి వెళ్ళాను. "ప్రోటోకాల్" అన్నాడు. ఎనిమిదయింది. అచ్చియ్యమ్మ పెదాలు నీలంగా మారుతున్నాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది. మైకు ముందు కూర్చుని ఏం చెయ్యాలో తోచక వేదిక వంక చూస్తూ ఉండిపోయాను.

వేదిక మధ్యలో పెద్ద కుర్చీ. మెత్తలు కుట్టిన, సింహాసనం లాంటి కుర్చీ. దాని వీపు మీద, పెద్దవాళ్ళ కుర్చీల మీద ఎప్పుడూ ఉండేదే, తళతళలాడే తెల్లటి టర్కీ తువ్వాలు. కుర్చీ ఖాళీ. పక్క కుర్చీల వాళ్ళు అటూ ఇటూ నిలబడి ఉన్నారు గాని, ఎవరూ అందులో కూర్చోవడం లేదు.

నేను మైకు నొక్కాను.

"ప్రయాణికులకు, అధికారులకు ముఖ్య గమనిక. వేదిక మధ్యన ఖాళీ కుర్చీలో యజమాని లేని తెల్ల తువ్వాలు ఒకటి గుర్తించడమైనది. సదరు యజమాని వెంటనే వచ్చి దాని మీద చెయ్యి వేయవలసిందిగా కోరుతున్నాము. లేనిచో నిబంధనల ప్రకారం చర్య తీసుకోబడును."

జోగినాయుడు నిబంధన తు.చ. తప్పని మనిషి. ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరిదండీ ఈ తువ్వాలు?"

విశ్వపతి చిరాకుపడ్డాడు. "అది ముఖ్య అతిథి గారి కుర్చీ, ఎస్సై గారూ."

"కుర్చీ ఆయనదే అయ్యుంటుందండి. తువ్వాలు ఆయనదేనా అండి?"

"కాదు, ప్రభుత్వానిది."

"ప్రభుత్వం ఎక్కడుందండీ? వచ్చి చెయ్యి వెయ్యమనండి" అన్నాడు జోగినాయుడు. వెటకారం ఎంత మాత్రం లేదు, నిజంగానే అడిగాడు. చక్రధరం గారిని చూశాడు, ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తను ఎన్నడూ ఆ తువ్వాలు మొహం చూసి ఎరగనన్నాడు. విశ్వపతి చెయ్యి చాచాడు. "యజమాని కానివారు తాకరాదని మీరే సంతకం పెట్టారండి" అని జోగినాయుడు ఆపాడు. ఇంతలో కుక్క వేదికెక్కి, పెద్ద కుర్చీలో కూర్చుంది.

ఇంకేముంది! వేదిక మీది పెద్దలు తలో దిక్కూ ఉరికారు. కబురు తెలిసి ముఖ్య అతిథి కార్లన్నీ ఊరి పొలిమేర నుంచే వెనక్కి తిరిగాయి, రోడ్డు తెరుచుకుంది. తువ్వాళ్ళలో జోగినాయుడు దళానికి చెయ్యి బాగా తిరిగిపోయింది గనక, నిమిషాల్లో తెల్ల తువ్వాలును గ్యారేజీ వెనక్కి తీసుకెళ్ళి ఢామ్మనిపించారు. కుర్చీని కిందా మీదా తడిమి నిరపాయమని తేల్చారు. "వాహనాలన్నీ తక్షణం బస్టాండు ఖాళీ చెయ్యాలి. ఈ కుర్చీని కూడా వెళ్ళే బండిలో ఇక్కణ్ణుంచి తరలించండి" అని ఆజ్ఞ వేశాడు జోగినాయుడు. వెళ్ళే బండి ఒక్కటే ఉంది.

నూకరాజుకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కుర్చీని తట్టలా నెత్తికెత్తుకుని బస్సులో పెట్టాడు. నేను, కండక్టరు పల్లయ్య కలిసి అచ్చియ్యమ్మని ఎక్కించి అందులో కూర్చోబెట్టాం. జనం తోసుకోలేదు, గొడవపడలేదు. అందరూ చుట్టూ నిలబడి, ఆవిడకి గాలి వచ్చేలా చోటిచ్చారు. బస్సు కదలబోతుంటే ఒక మనిషి రొప్పుతూ పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. విశ్వపతి! డ్రైవరు టీకి వెళ్ళడంతో ఆయన కారు కూడా యజమాని లేని వస్తువైపోయి, చుట్టూ ఇసుక మూటలు పడ్డాయి. మధ్యాహ్నం కాకినాడలో ఆయనకి సమీక్షా సమావేశం ఉంది.

తర్వాతి సంగతి పల్లయ్య ఆ సాయంత్రం వచ్చి చెప్పాడు. దారిలో ఎక్కడా ఆపకుండా తోలించి, పదికి ముందే ఆసుపత్రి గేటు దగ్గర బస్సాపి దింపాడట, మిషను అందిందట. దారి గురించి అడిగాను. విశ్వపతి మొదటి అరగంటా పైన కడ్డీ పట్టుకుని వేలాడాడట. మలుపు తిరిగినప్పుడల్లా ఒకసారి ఆనపకాయల బుట్టలో, ఒకసారి నూకరాజు మీద పడ్డాడట. అచ్చియ్యమ్మకి ఆయనెవరో తెలియదు. చూసి చూసి జాలిపడి, "ఎప్పుడూ బస్సెక్కలేదేటి బాబూ? నా పక్కన కింద కూకో. ఈ కుర్చీ కోడు గట్టిగా పట్టుకో, పడవు" అందట. ఆయన కూర్చున్నాడట. ఇస్త్రీ ప్యాంటుతో ఆ మురికి రేకు మీదే.

కాసేపటికి నడుం పట్టుకుని, "ఒక్క సీటైనా ఉంచాల్సింది" అని తనలో తను గొణుక్కున్నాడట.

"ఎవరో పెద్దాఫీసరు తీయించేశాడంట బాబూ" అందట అచ్చియ్యమ్మ, ఊపిరి కూడదీసుకుంటూ. "మన పేనాలు కాపాడ్డానికంట."

ఆయన కాకినాడ వచ్చేదాకా తల వంచుకుని, ఆ కుర్చీ కోడు పట్టుకునే కూర్చున్నాడట.